చేతిలోని ఫోను, ఊరిలోని మాట

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఇంటర్నెట్టు మన సమాజమును, రాజకీయములను, సంస్కృతిని ఏ విధముగా మార్చుచున్నదో చెప్పవలసినదిగా ఈ శిబిర నిర్వాహకులు మమ్ము కోరిరి. విషయము చాల పెద్దది. భోజనమునకు ముందు మాకు దొరకినది ముప్పావు గంట. కావున చెరువునంతను చెంబులో పట్టు ప్రయత్నము చేయక, మీ పదవికి దగ్గరగా నున్న ఒక్క సంగతిని మాత్రమే చెప్పదలచితిమి. ఊరిలోనికి మాట ఏ దారిన వచ్చుచున్నది, వచ్చిన మాటకు జవాబుదారి ఎవరు అన్నదే ఆ సంగతి. ప్రచార శాఖలో పనిచేయు మాకు మాటయే జీవనాధారము గనుక, దీనిని గురించి మాకును కొంత అనుభవము కలదు.

మీలో నలువది యేండ్లు దాటినవారందరును డప్పు చాటింపు విన్నవారే. సుంకరి సందు మొగన నిలిచి, నాలుగు దెబ్బలు వేసి, "రేపు పొద్దుగాల చావడికాడ పశువులకు సూదులేస్తరంటహో" అని కేక వేసినప్పుడు, ఆ మాటను పంపినవారెవరో ఊరందరికిని తెలియును. మరునాడు పశువుల డాక్టరు రానిచో ఆ సుంకరినో, అతనిని పంపిన పెద్దమనుషులనో నిలిపి అడుగుటకు వీలుండెను. ఆ రోజులన్నియు బంగారు రోజులని చెప్పుట మా ఉద్దేశము కాదు. డప్పు ఒక్క కులము వారి భుజముననే వ్రేలాడెను. పెద్దల వాడలో మూడుచోట్ల మ్రోగిన డప్పు ఊరి చివరి వాడలో ఒక్కచోటనైనను మ్రోగని గ్రామములు ఉండెను. అక్కరకు వచ్చు కబురు మొదట పెద్ద గడపలు దాటి, మిగిలినది మాత్రమే వీధికి వచ్చెడిది. ఇవన్నియు ఉండెను. కాని చాటింపునకు ఒక గొంతు, ఆ గొంతునకు ఒక పేరు ఉండెను. ఈ ఒక్క మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీని యొద్దకు వత్తుము.

మన దేశమున ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది 1995 ఆగస్టు 15వ తేదీన. విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ దానిని ఆరంభించెను. తరువాత ఇరువది యేండ్లు అది చాల వరకు పట్టణవాసుల వస్తువుగానే ఉండెను. 2016 సెప్టెంబరులో జియో సంస్థ సేవలు మొదలై డేటా ధరలు పడిపోయిన పిమ్మట, అది రెండు మూడేండ్లలో పొలము గట్టు వరకు నడచి వచ్చెను. వచ్చినందుకు మేలే జరిగినది. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల తల్లులు, గల్ఫు దేశములకు పోయిన కొడుకు గొంతు వినుటకు, సెలవుపై వచ్చు ఏ పొరుగువాడో తెచ్చి యిచ్చు క్యాసెట్టు కొరకు నెలల తరబడి ఎదురు చూచిన దినములు మనకు తెలియును. నేడు ఆ తల్లి పొయ్యి ముందు కూర్చుండియే కొడుకు ముఖమును చూచి, "బక్కగైనవు బిడ్డా, తింటలేవా" అని మందలించుచున్నది. ఈ దృశ్యమును చూచినవారికి ఫోనును తిట్టుటకు నోరు రాదు. పింఛను పడినదా, ధాన్యము పైకము జమయైనదా అని తెలిసికొనుటకు మండల కేంద్రమునకు పోయి రోజు కూలి పోగొట్టుకొను బాధయు తగ్గినది. ఇక్కడ ఎక్కువసేపు నిలువవలసిన పని లేదు. ఇది మీకు మాకంటె బాగుగ తెలిసినదే.

నిలువవలసినది 2018వ సంవత్సరపు వేసవి యొద్ద.

ఆ వేసవిలో మన పల్లెలలోని ఫోన్లకు ఒక వీడియో వచ్చెను. ఇద్దరు మోటారు సైకిలుపై వచ్చి, వీధిలో ఆడుకొను పిల్లవానిని ఎత్తుకొని పోవుదురు. దానితోపాటు, పిల్లలను ఎత్తుకొనిపోయి అవయవములు తీయు ముఠాలు మన జిల్లాలలో దిగినవని తెలుగులో వ్రాతయు వచ్చెను. ఆ వీడియో మన దేశములో తీసినదే కాదు. పాకిస్తానులోని కరాచీ నగరమున, తప్పిపోవు పిల్లల విషయమున తల్లిదండ్రులు జాగ్రత్తగా నుండవలెనని చెప్పుటకు ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన ప్రచార చిత్రమది. అసలు చిత్రములో ఆ ఇద్దరును వెనుకకు తిరిగి వచ్చి, పిల్లవానిని దించి, పిల్లలు కనుమరుగగుటకు క్షణకాలము చాలునని వ్రాసిన అట్టను చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించిరి. చిత్రములో కత్తిరించినది కొద్ది క్షణముల భాగమే. ప్రచార చిత్రములు తీయించు వృత్తిలోనున్న మాకు ఇది విన్నప్పుడు ఒడలు జలదరించినది. పిల్లలను రక్షించుటకు తీసిన బొమ్మ మనుష్యులను చంపుటకు పనికివచ్చెను గదా!

మే నెలలో నిజామాబాదు జిల్లాలో ఒకనిని, యాదాద్రి భువనగిరి జిల్లాలో బంధువుల ఊరికి వచ్చిన మరియొకనిని గుంపులు కొట్టి చంపినవి. ఆ నెల చివరి వారములో హైదరాబాదు పాతబస్తీలో, రంజాను దినములలో భిక్ష కొరకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై గుంపు పడగా ఒకరు మరణించిరి. వీరిలో ఏ ఒక్కరును పిల్లలను ఎత్తుకొనిపోయినవారు కారు.

జూలై 1వ తేదీ ఆదివారము నాడు మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా అను గ్రామమున సంత జరుగుచుండెను. నాథపంథి డవరి గోసావి అను సంచార జాతికి చెందిన ఐదుగురు, భిక్షాటనమే జీవనముగా గలవారు, బస్సు దిగి ఆ సంతలోనికి వచ్చిరి. వారిలో ఒకడు ఒక చిన్న పిల్లతో మాటలాడెనట. అంతే. సంత గుంపు వారిని పట్టుకొనెను. పట్టుకొని ఎక్కడికి తీసికొనిపోయెను? సభ్యులారా, ఈ సంగతి చెప్పుటకే మేమింత దూరము వచ్చితిమి. వారిని గ్రామ పంచాయతీ కార్యాలయములోనికి ఈడ్చి, ఆ గదిలోనే కొట్టిరి. ఐదుగురును చనిపోయిరి. మీరు వారము వారము కూర్చుండు గది వంటిదే ఆ గదియు. అందును బల్లయు కుర్చీలును ఉండి యుండును. గోడపై గాంధీ మహాత్ముని పటము ఉండినను ఉండవచ్చును.

దానికి పండ్రెండు దినముల తరువాత, జూలై 13న, కర్ణాటకలోని బీదరు జిల్లాలో మరియొకటి జరిగెను. ఇందులో మన హైదరాబాదు వారు కొందరు స్నేహితులు, కారులో ఆ ప్రాంతమునకు పోయి, హండికేర అను ఊరియొద్ద ఆగి, బడిపిల్లలకు చాక్లెట్లు పంచిరి. అక్కడివారికి అనుమానము కలిగెను. ఎవరో వారి బొమ్మలు తీసి గ్రూపులో పెట్టిరి. వాదులాట పెరుగగా వారు కారెక్కి బయలుదేరిరి. కాని కారుకంటె ముందు కబురు పోయెను. ముర్కి అను తరువాతి ఊరిలో జనము దారికి అడ్డుకట్టి సిద్ధముగా నుండిరి. వారిని కాపాడబోయిన పోలీసులును గాయపడిరి. ఒక యువ ఇంజనీరు ప్రాణము పోయెను. పూర్వము ఒక ఊరిలో పుట్టిన కోపము పొరుగూరికి చేరులోపల కొంత చల్లారుటకు వ్యవధి యుండెడిది. ఇప్పుడా వ్యవధి లేదు.

ఆ జనమంతయు మూర్ఖులని చెప్పుట తేలిక. మేము ఒప్పుకొనము. ఆ దినములలో మేమును కొన్ని గ్రామములు తిరిగితిమి. ఒకచోట, "ఇది వట్టి అబద్ధపు వీడియో" అని మేము చెప్పగా ఒక పెద్దాయన మమ్ము ఎగాదిగా చూచి, "మా అల్లుడు పంపిండు సారూ. మా అల్లుడు అబద్ధమాడడు" అనెను. మా నోట మాట రాలేదు. ఆయన అన్నది నిజమే. అల్లుడు అబద్ధమాడలేదు. తనకు వచ్చినదానిని మామకు పంపెను. మామ యింట మనుమలున్నారు గనుక ప్రేమతోనే పంపెను. అతనికి పంపినవాడును అట్లే పంపి యుండును. పంపినవారందరును తెలిసినవారే. మొదట చెప్పినవాడెవడో మాత్రము ఎవరికిని తెలియదు.

పల్లెలో మనము మాటను తూచు పద్ధతి ఒకటి కలదు. మనిషిని చూచి మాటను నమ్ముదుము. వీడు చెప్పినదానిలో సగము తీసివేయవలెను, ఆమె చెప్పినచో రాయిపై గీతయే అని ప్రతి ఊరిలోను లెక్క యుండును. తరతరములుగా మనకు పనికివచ్చిన తక్కెడ అది. ఫోను ఆ తక్కెడనే చెడగొట్టినది. ముఖము అల్లునిది, మాట అపరిచితునిది. పైగా అదే మాట కులము గ్రూపులో, బడి స్నేహితుల గ్రూపులో, పార్టీ గ్రూపులో, భజన మండలి గ్రూపులో వచ్చినప్పుడు, "నలుగురును చెప్పుచున్నారు గదా" యని తోచును. చెప్పినది ఒక్కడే, నాలుగు గోడలకు తగిలి నాలుగుసార్లు వినవచ్చినది.

దెబ్బలు తిన్నవారు ఎవరో ఒక్కసారి చూడుడు. బిచ్చగాండ్రు, మతి స్థిమితము లేనివారు, మన భాష రాని కూలీలు, ట్రాన్స్‌జెండర్లు, సంచార జాతులవారు. ఒకప్పుడు పంట యింటికి వచ్చిన దినములలో బుడగ జంగాలు, గంగిరెద్దుల వారు, పూసలమ్మువారు, సోదె చెప్పువారు వచ్చుచు పోవుచుండుట పల్లెకు అలవాటు. వారి పాటలతోను కథలతోను ఊరికి ఆ కాలము గడచెడిది. 2018 తరువాత మేము కలిసికొన్న ఒక గంగిరెద్దులాయన, "కొత్త ఊరికి పోవాల్నంటె ముందుగాల పోలీసుఠాణల చెప్పి పోతున్నం సారూ" అనెను. ఎద్దును అలంకరించుటకు ముందు ఆధారు కార్డు సంచిలో పెట్టుకొనుచున్నాడట. సంస్కృతి ఎట్లు మారినదని మమ్ము అడిగినచో మేము చూపగలిగినది ఆ సంచినే.

మరి ఆ వేసవిలో అన్ని జిల్లాలును ఒక్కరీతిగా నుండెనా? లేదు. జోగులాంబ గద్వాల జిల్లా సంగతి చెప్పవలెను. అప్పుడు అక్కడ పోలీసు సూపరింటెండెంటుగా శ్రీమతి రెమా రాజేశ్వరి యుండిరి. గ్రామమునకొక పోలీసు చొప్పున బాధ్యత ఒప్పగించి, వారు తమ ఊళ్లకు పోయి జనముతో కూర్చుండునట్లు ఆమె ఏర్పాటు చేసిరి. వేసవిలో ఆరుబయట మంచములు వేసికొని పరుండు జనము, చీకటి పడకమునుపే లోపలికి పోయి తలుపులు వేసికొనుచున్నారని మొదట గమనించినది ఆ పోలీసులే. ఎందుకని అడుగగా ఫోన్లు తీసి చూపిరి. అంతట వారు ఊరూర సభలు పెట్టిరి, జానపద గాయకులచే పాటలు పాడించిరి, గ్రూపులలో తామును చేరిరి, తమ నంబర్లు ఇచ్చిరి. అనుమానము తోచినప్పుడు జనము చేయి చేసికొనుటకు ముందు ఆ నంబరునకు ఫోను చేయసాగిరి. ఆ పరిధిలోని గ్రామములలో ఒక్క ప్రాణమును పోలేదు. ఇందులో గొప్ప యంత్రము ఏదియు లేదని గమనింపుడు. పేరు తెలిసిన ఒక మనిషి, అతని నంబరు, కొన్ని పాటలు, ఇంతే.

తరువాత ప్రభుత్వములును సంస్థలును కదలినవి. 2018 జూలై 17న సుప్రీంకోర్టు, గుంపు హత్యల నివారణకు ప్రతి జిల్లాలోను ఒక ప్రత్యేకాధికారిని నియమింపవలెనని ఆదేశించెను. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ, వచ్చిన సందేశమును ఒకేసారి ఐదింటికంటె ఎక్కువ చోట్లకు పంపకుండ మన దేశమున కట్టడి చేసెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఐదుగురు లేక అంతకు మించినవారు కూడి కులము, భాష, పుట్టిన చోటు వంటి కారణములతో ఒకరిని చంపినచో మరణ దండనయో యావజ్జీవ కారాగారమో విధింపవచ్చునని 103వ సెక్షను చెప్పుచున్నది. శాంతికి భంగము కలిగించు వదంతులను వ్యాపింపజేసినవారికి 353వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు. మీ గ్రామసభలో ఈ రెండు సెక్షన్లను చదివి వినిపించుడు. ముర్కి విషయములో గ్రూపు అడ్మినును కూడ అరెస్టు చేసిరని మన యువకులకు చెప్పుడు, వెంటనే అర్థమగును.

రాజకీయముల మాట. ఇక్కడ ప్రాణములు పోవు, కాని ఊరు చీలును. గత సంవత్సరము మేమొక గ్రామమునకు పోయితిమి. నాలుగు దినములుగా ట్యాంకునకు నీరు ఎక్కలేదు. ఊరిలో మూడు గ్రూపులు కలవు. గెలిచిన పక్షము గ్రూపులో, ఓడినవారు పైపు పగులగొట్టిరని వచ్చెను. ఓడిన పక్షము గ్రూపులో, తమ వాడకు కావలెననియే నీరు ఆపిరని వచ్చెను. యువకుల గ్రూపులో, ట్యాంకు సొమ్ము సర్పంచి తినెనని వచ్చెను. ఆయన కొత్త బండి ఫొటోయు దానికి జతపరచిరి. ముగ్గురును ఒకరిది ఒకరు చూడలేదు. రచ్చబండ యొద్ద అయినచో ముగ్గురును అరచుకొని, ఎవడో ఒకడు "మోటారు చూసినారా?" అని అడిగి యుండును. అసలు సంగతి, మోటారు కాలిపోయినది. వైండింగు కొరకు పట్టణమునకు పంపిరి. పంచాయతీ కార్యదర్శికి తెలియును, సర్పంచికి తెలియును. "మరి ఊరికి ఎందుకు చెప్పలేదండీ?" అని మేమడిగితిమి. "చెప్పేదేముంది సారూ, రెండు దినాలల్ల అయిపోతదనుకున్నం" అని ఆయన బదులు చెప్పిరి. మంచి మనిషి. నాలుగు దినములు ఊరకుండెను. ఆ నాలుగు దినములును వదంతి మాటలాడెను.

2020 ఫిబ్రవరిలో కోడిమాంసము వలన కరోనా వచ్చునని ఫోన్లలో ప్రచారమై కోళ్ల ధరలు పడిపోయినప్పుడు, హైదరాబాదులో మంత్రులు సభలో అందరి ఎదుట కోడిమాంసము తిని చూపవలసి వచ్చెను. మంచిదే. కాని ప్రతి ఊరి వదంతికిని మంత్రులు వచ్చి తినజాలరు గదా. ఊరి మోటారు సంగతి ఊరి పంచాయతీయే చెప్పవలెను.

ఇంకొక సంగతి మీలో కొందరికి రుచింపకపోవచ్చును. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో పంచాయతీల ప్రణాళికలు, ఖర్చులు ఎవరైనను చూడవచ్చును. హైదరాబాదులో ఉద్యోగము చేయు మీ ఊరి పిల్లవాడు రాత్రి భోజనము చేసి మీ లెక్కలు తెరచును. మురుగు కాలువకు బిల్లు అయినట్లు చూచును. సంక్రాంతికి వచ్చినప్పుడు తన వీధిలో కాలువ కనబడలేదని జ్ఞాపకము చేసికొనును. వెంటనే గ్రూపులో పెట్టును. కాలువ రెండవ వార్డులో కట్టి యుండవచ్చును. అప్పుడు, "పట్నంల కూసున్నోనికి ఏం తెలుసు" అని కోపగించుకొన్నచో ఊరు అతనినే నమ్మును. కాలువ ఫొటో, పని జరిగిన తేదీ, కొలతలు పెట్టి, క్రింద మీ పేరు వ్రాసినచో అతడే దానిని పదిమందికి పంపును. కాలువ నిజముగానే కట్టనిచో మా వద్ద సలహా ఏదియు లేదు.

ఇక ముందు కాలము మరింత చిక్కుగా నుండును. బొమ్మయే సాక్ష్యమను రోజులు పోయినవి. 2023 నవంబరులో ఒక ప్రసిద్ధ సినీనటి ముఖమును మరియొక స్త్రీ దేహమునకు అతికించిన వీడియో దేశమంతట తిరిగినది మీకు జ్ఞాపకముండును. కృత్రిమ మేధతో గొంతును సైతము అనుకరించుచున్నారు. రేపు ఏ ఎన్నికల ముందటి రాత్రియో, మీ గొంతుతో మీరు అనని మాట మీ ఊరికి రావచ్చును. దానికి మందు ముందే వేసికొనవలెను. పంచాయతీ మాట ఎక్కడ నుండి వచ్చునో, ఎవరి పేరుతో వచ్చునో ఊరికి అలవాటై యుండవలెను. పంచాయతీకి ఒక గ్రూపు, అందులో వ్రాయు అధికారము సర్పంచికిని కార్యదర్శికిని మాత్రమే. ప్రతి కబురు క్రింద పేరు, తేదీ, వేళ. పుట్టినరోజు శుభాకాంక్షలు, పార్టీ జెండాలు అందులో వద్దు. ఫోను లేనివారి కొరకు అదే కబురు కార్యాలయపు బోర్డుపై సుద్దముక్కతో వ్రాయించుడు, ట్యాంకు మైకులో చదివించుడు.

సోదరీమణులకు ప్రత్యేకముగా ఒక మాట. మా శాఖ గ్రూపులలో మహిళా సభ్యుల పేరిట ఉన్న నంబరునకు ఫోను చేసినచో, చాలసార్లు పలుకునది వారి భర్తగారు. వారు మర్యాదగానే మాటలాడుదురు, కాదనము. కాని ఒక ఆడపిల్ల ఫొటోను ఎవడో చెడుగా మార్చి తిప్పుచున్నాడని ఆమె తల్లి చెప్పుకొనదలచినప్పుడు, ఆ ఫోనులో మగ గొంతు పలికినచో ఏమి చెప్పును? పెట్టివేయును. దయచేసి మీ ఫోను మీ యొద్దనే ఉంచుకొనుడు. ఇటువంటి నేరములకును, డబ్బు మోసములకును 1930 నంబరు కలదు. మోసము జరిగిన గంటలోపల చెప్పినచో సొమ్మును ఆపుటకు అవకాశము ఎక్కువ. సిగ్గుపడి మరునాటికి వాయిదా వేయువారే ఎక్కువగా నష్టపోవుచున్నారు.

ఉదయము ఇక్కడనే ఒక వార్డు సభ్యుడు మమ్ము అడిగెను: "రాత్రి పదకొండింటికి ఎవరినో పట్టుకున్నమని మందొస్తే నేనొక్కన్ని ఏం చెయ్యాలె?" మంచి ప్రశ్న. మొదట 112 నంబరునకు ఫోను చేయవలెను. పిల్లల సంగతియైనచో 1098 కూడ కలదు. పోలీసులు వచ్చు వరకు ఆ మనిషిని పంచాయతీ గదిలో కూర్చుండబెట్టి, మంచినీరు ఇచ్చి, తలుపు లోపలినుండి గడియ వేసికొని మీరు అతని ప్రక్కన కూర్చుండవలెను. మరి ఇద్దరు సభ్యులను పిలిపించుకొనుడు. ఆడవారు వచ్చినచో ఇంకను మంచిది. గుమ్మమునకు బయట నిలిచి మాటలాడువారు ఆ గుంపునకు పేరు పేరున తెలిసినవారై యుండవలెను. రైన్‌పాడాలో ఆ గదికి తలుపు ఉండెను, లోపల అట్టి మనుష్యులు లేకపోయిరి.

మోటారు కాలిన ఆ ఊరికి గత నెల మరల పోయితిమి. పంచాయతీ కార్యాలయపు గోడపై నీలి రంగుతో 112, 1930, 1098 అని వ్రాయించి, వాని క్రింద సర్పంచి, కార్యదర్శి, మహిళా వార్డు సభ్యురాలు, ఠాణా నంబర్లు వ్రాయించిరి. అన్నిటికిని అడుగున, కొంచెము వంకరగా, వేరొక చేతివ్రాతతో ఇంకొక నంబరు కలదు. ఎవరిదని అడిగితిమి. మోటారు మెకానిక్కుదట.